ఔన్సుల లెక్క చెట్టు దగ్గర చెల్లదు

చెట్టెక్కి జింకలను వేటాడేవాళ్ళ మధ్య కొన్నేళ్ళుగా ఒక మాట వేదవాక్కుగా చెలామణి అవుతోంది. బ్యాగు ఎంత తేలికైతే అంత మంచిదట, ఎంత చిన్నదైతే అంత మంచిదట. మిషిగన్‌లో గానీ విస్కాన్సిన్‌లో గానీ పెన్సిల్వేనియాలో గానీ వేట సామాన్ల దుకాణానికి వెళ్ళి చూడండి. కొనడానికి వచ్చినవాడు మొదట అడిగేది "బరువెంత?" అనే. 2 పౌండ్లంటే ముఖం వికసిస్తుంది. 4 పౌండ్లంటే బ్యాగు తిరిగి కొక్కేనికి ఎక్కుతుంది. లోపల ఏముందో, దాని మీద ఏం కట్టాలో, చెట్టు మొదట్లో చీకట్లో దాన్ని ఎలా విప్పాలో అడిగేవాళ్ళు తక్కువ. ఈ ఎంపిక పద్ధతే తప్పని నా వాదన. దీనివల్ల మనుషులు చలికి తట్టుకోలేక మంచి సమయంలో చెట్టు దిగిపోతున్నారు. చప్పుడు చేసి, రావలసిన జింకను రాకుండా చేసుకుంటున్నారు. అన్నిటికంటే ఘోరం, 20 అడుగుల ఎత్తున ఒక చెయ్యి చెట్టు మీద, ఒక చెయ్యి బ్యాగులో పెట్టి కావలసిన తాడు కోసం దేవులాడుతున్నారు.

తెలుగు పాఠకులకు ముందు నాలుగు మాటలు చెప్పాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. ఆ చట్టం ఉండితీరాలనేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అమెరికా పరిస్థితి వేరు. ఇక్కడి తెల్లతోక జింకలు 1900 ప్రాంతానికి 5 లక్షలకు మించి మిగల్లేదు. వేటకు సీజన్లు, లైసెన్సులు, పరిమితులు వచ్చాయి. వేట సామాన్ల మీద వసూలయ్యే పన్నును వన్యప్రాణుల సంరక్షణకే ఖర్చుపెట్టాలని 1937లో చట్టం చేశారు. ఇవాళ వాటి సంఖ్య 3 కోట్ల దగ్గర ఉంటుందని అంచనా. తోడేళ్ళు లేని రాష్ట్రాలే ఎక్కువ కాబట్టి ఆ సంఖ్యను అదుపులో పెట్టే పని చాలావరకు వేటగాళ్ళదే. ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళలో కూడా శిక్షణ పొంది, లైసెన్సు తీసుకొని అక్టోబరులో అడవికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. నేను రాస్తున్నది ఆ అడవి గురించే.

పాతకాలంలో ఒక మంచి చెట్టు చూసుకొని మంచె బిగించి, సీజనంతా అక్కడే కూర్చునేవాళ్ళు. సొంత పొలం ఉన్నవాళ్ళు ఇప్పటికీ అదే చేస్తారు. ప్రభుత్వ అడవిలో వేటాడేవాళ్ళకు అది కుదరదు. మిషిగన్‌లో ప్రభుత్వ భూమిలోని చెట్టుకు మరమెట్లు దించకూడదు. విస్కాన్సిన్‌లో చాలాచోట్ల ఏ రోజు కట్టిన మంచె ఆ రోజే విప్పి తీసుకెళ్ళాలి. దానికి తోడు జింక తెలివైనది. ఒకే చెట్టు మీద మనిషి నాలుగుసార్లు కూర్చుంటే ఆ దారి మానేసి చీకటిపడ్డాకనే కదులుతుంది. అందుకని వేటగాడు తన మంచెను వీపు మీద మోసుకుంటూ రోజుకో చెట్టు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. మిషిగన్‌కు చెందిన జాన్ ఎబర్‌హార్ట్ లాంటివాళ్ళు 1980ల నుంచే మంచె కూడా మానేసి శాడిల్‌లో వేలాడుతూ వేటాడారు. శాడిల్ అంటే నడుమునూ పిరుదులనూ పట్టి ఉంచే గట్టి పట్టీల జీను. దాని ముందరి తాడును చెట్టుకు చుట్టిన టెథర్ తాడుకు తగిలించి, పాదాలు ఒక చిన్న ప్లాట్‌ఫాం మీద ఆనించి, చెట్టు నుంచి వెనక్కి వాలి ఉండటమే. 2018లో టెథర్డ్ లాంటి కంపెనీలు వచ్చాక ఈ పద్ధతి కొద్దిమంది విద్యగా మిగలకుండా ఊరూరా పాకింది. దాని వెంటే ఔన్సుల లెక్కా పాకింది.

మోయాల్సిన సామాను చూడండి. చెట్టెక్కడానికి మూడు నాలుగు స్టిక్కులు, అంటే తలో రెండు మూడు మెట్లున్న అల్యూమినియం నిచ్చెన ముక్కలు. లోన్ వుల్ఫ్ కంపెనీ పాతరకం స్టిక్కు ఒక్కొక్కటి రెండున్నర పౌండ్లు, కొత్తవి అందులో సగం. ప్లాట్‌ఫాం, తాళ్ళు, కారాబైనర్లు, శాడిల్, విల్లు, బాణాలు, చలిబట్టలు, నీళ్ళు, తలదీపం, కత్తి. బట్టలు కాకుండానే ఇరవై, పాతిక పౌండ్లు అవుతుంది. ఈ పాతిక పౌండ్లను మోసే వస్తువు మీద 2 పౌండ్లు మిగుల్చుకోవడమే విజయమని అందరూ నమ్ముతున్నారు.

ఈ నమ్మకం వేటలో పుట్టలేదు. సుదూర నడకల నుంచి అరువు తెచ్చుకున్నాం. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ళ అవ్వ, తాను కుట్టుకున్న సంచి ఒకటి భుజాన వేసుకొని అపలాచియన్ ట్రెయిల్ ఆసాంతం ఒంటరిగా నడిచింది. 1992లో రే జార్డిన్ పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ గురించి రాసిన చేతిపుస్తకం తర్వాత, బ్యాగులో ఫ్రేమెందుకు, నడుం పట్టీ ఎందుకు, అదనపు జేబులెందుకు అని ఒక్కొక్కటే కోసి పారేసే ఉద్యమం బయలుదేరింది. వాళ్ళ లెక్క వాళ్ళ పనికి నూటికి నూరుపాళ్ళూ సరైనది. రోజుకు 15, 20 మైళ్ళు, నెలల తరబడి నడిచేవాడికి ప్రతి ఔన్సూ లక్షల అడుగులతో గుణించి మోకాళ్ళ మీద పడుతుంది. వాళ్ళ బ్యాగులో ఉండేది మెత్తని గుడారం, దుప్పటి, తిండి. ఇనుప, అల్యూమినియం సామాను ఉండదు. వాళ్ళు చప్పుడు చేస్తే పోయేదేమీ లేదు.

జింకల వేటగాడి రోజు అలా గడవదు. కారు ఆపిన చోటి నుంచి చెట్టు దాకా అర మైలు, ఒక మైలు. రెండు మైళ్ళు దాటేవాళ్ళు అరుదు. బ్యాగు వీపు మీద ఉండేది అరగంట, ముప్పావుగంట. చెట్టుకు వేలాడేది ఐదారు గంటలు, మగజింకలు జత కోసం తిరిగే నవంబరు రోజుల్లో తెల్లవారుజాము నుంచి పొద్దు గూకేదాకా. ఆ అరగంట సుఖం కోసం మిగతా సమయమంతా ఇబ్బందిపెట్టే వస్తువును ఎంచుకోవడం ఏ లెక్కన తెలివో నాకు అర్థం కాదు. బ్యాగును పరీక్షించాల్సింది కాలిబాట మీద కంటే చెట్టు మొదట్లోనూ, చెట్టు మీదనూ.

పోనీ, ఆ అరగంట నడకలోనైనా తేలిక బ్యాగు తేలిగ్గా ఉంటుందా? ఖాళీ బ్యాగు తూగే బరువు వేరు, నిండాక అది ఒంటి మీద మోపే బరువు వేరు. ఫ్రేము లేని పల్చటి సంచికి బయటివైపు నాలుగు స్టిక్కులూ ప్లాట్‌ఫామూ కట్టండి. ఆ లోహమంతా వీపుకు జానెడు దూరంలో వేలాడుతూ మనిషిని వెనక్కి లాగుతుంది. దాన్ని సర్దుకోవడానికి మనిషి ముందుకు వంగుతాడు, మెడ బిగుస్తుంది, భుజాలు కోసుకుపోతాయి. అడుగు అడుగుకీ సామాను ఊగి తగులుకుంటుంది. అదే సామానును గట్టి పలకో, రెండు కమ్ముల ఫ్రేమో ఉన్న 4 పౌండ్ల బ్యాగుకు అడ్డపట్టీలతో బిగదీసి కడితే భారం నడుం పట్టీ మీదుగా తుంటికి దిగుతుంది. మొత్తం 2 పౌండ్లు పెరిగింది, భుజాలకు మాత్రం చాలా తగ్గింది. దుకాణంలో ఖాళీ బ్యాగును వేలికి తగిలించి తూచేవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఇందులో శాడిల్ వాళ్ళకే వచ్చే ఒక చిక్కు ఉంది. శాడిల్ కట్టుకొని నడిస్తే బ్యాగు నడుం పట్టీ కూర్చోవాల్సిన చోట శాడిల్ ఉంటుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి రెండూ పనిచేయవు. దీన్ని చూపించి "అందుకే నడుం పట్టీ అక్కర్లేదు, ఫ్రేమూ అక్కర్లేదు" అంటారు. శాడిల్‌ను చుట్టి బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టుకొని, చెట్టు దగ్గర మొదట తీసేది అదే అయ్యేలా చూసుకుంటే చిక్కు అక్కడితో తీరిపోతుంది. అర మైలు లోపు నడకైతే శాడిల్‌తోనే నడిచి, బ్యాగును కాస్త పైకి బిగించుకున్నా పెద్ద నష్టం లేదు. ఒకేచోట రెండు పట్టీలు పట్టడం లేదని వెన్నెముక లాంటి భాగాన్నే తీసిపారేయడం పరిష్కారం ఎలా అవుతుంది?

చప్పుడు విషయంలో తేలికవాదం చేసే నష్టం ఇంకా పెద్దది. జార్జియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రచురించిన పరీక్షల్లో, తెల్లతోక జింక చెవి సుమారు 30 కిలోహెర్ట్జ్ దాకా వినగలదని, అన్నిటికంటే సున్నితంగా వినేది 4 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్యనని తేలింది. మనిషికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు. అంటే లోహం లోహానికి తగిలిన టిక్కుమనే ధ్వని, ప్లాస్టిక్ బకిల్ పట్టుకున్న ధ్వని, వెల్‌క్రో చీల్చిన ధ్వని, బిర్రుగా ఉన్న నైలాన్ మీద కొమ్మ గీసిన ధ్వని – మనం పట్టించుకోని ఈ సన్నటి, పదునైన చప్పుళ్ళే దానికి బాగా వినిపిస్తాయి. చెట్టు నుంచి పొద దాకా ఆకులన్నీ రాలిపోయిన నవంబరు అడవిలో, గాలి లేని తెల్లవారుజామున, ఒక్క బకిల్ చాలు.

ఇప్పుడు తేలిక బ్యాగు దేనితో తయారవుతుందో చూడండి. పూత వేసిన పల్చటి నైలాన్, పొరలు అతికించిన గుడ్డలు. వర్షానికి తడవవు, చిరగవు, గాలంత బరువు. చేత్తో నలిపితే మాత్రం కరకరలాడతాయి, చలికి ఇంకా బిరుసెక్కుతాయి. నిశ్శబ్దంగా ఉండే బ్యాగు పైభాగం ఫ్లీసు లాంటి నూగు గుడ్డతో ఉంటుంది. దానికి బరువెక్కువ, నీళ్ళు పీలుస్తుంది, అడవిలోని అంటుడుకాయలన్నీ దానికే పట్టుకుంటాయి. ఈ మూడు లోపాలూ నేను ఒప్పుకుంటాను, ఒప్పుకొని కూడా దాన్నే తీసుకోమంటాను. వానొస్తే వేసుకోవడానికి లోపల చిన్న తొడుగు ఒకటి పెట్టుకోవచ్చు. బిరుసు గుడ్డను మెత్తబరిచే ఉపాయం మాత్రం అడవిలో దొరకదు. స్టిక్కుల మెట్ల అంచులకు మెత్తటి టేపు చుట్టడం, ఒక స్టిక్కు ఇంకోదానికి తగలకుండా మధ్యలో గుడ్డపట్టీ పెట్టడం, వేలాడే పట్టీల కొసలు చుట్టి కుట్టేయడం – వీటన్నిటికీ కొన్ని ఔన్సులు అవుతాయి. నిశ్శబ్దానికి బరువుంటుంది. దాన్ని మోయాల్సిందే.

చలి సంగతికి వస్తే నాకు కోపం ఆగదు, ఎందుకంటే ఇక్కడ తేలికవాదం మనుషులను నిజంగా బాధపెడుతోంది. మిషిగన్‌లో నవంబరు 15న తుపాకుల సీజన్ మొదలవుతుంది. ఆ రోజుల్లో తెల్లవారేసరికి సున్నా సెల్సియస్‌కు దిగువన ఉండటం మామూలే. చెట్టు మీద కదలకుండా నిలబడ్డ మనిషికి నడిచే మనిషికంటే ఎన్నో రెట్లు చలి వేస్తుంది. అందుకని మందపాటి కోటు, భుజాల దాకా వచ్చే మందపాటి ప్యాంటు కావాలి. ఈ రెండూ ఎంత నొక్కినా 25 లీటర్లకు తక్కువ చోటు పట్టవు. 15, 20 లీటర్ల చిన్న బ్యాగు కొన్నవాడు ఏం చేస్తాడు? వాటిని తొడుక్కునే నడుస్తాడు. పాతిక పౌండ్లు మోస్తూ, బురదలో కాళ్ళీడ్చుకుంటూ, ఆ కోటులో నడిచినవాడికి చెట్టు చేరేసరికి లోపలి చొక్కా చెమటతో తడిసిపోతుంది. స్టిక్కులు కట్టి పైకెక్కేసరికి ఇంకా తడుస్తుంది. అరగంటకు ఆ తడి మంచులా ఒంటికి పట్టుకుంటుంది. తొమ్మిది గంటలకల్లా వణుకు, పది గంటలకు దిగుడు. పైగా ఆ చెమట వాసన గాలివాటున ఎంత దూరం పోతుందో జింకను వేటాడే ఎవరికీ నేను చెప్పనక్కర్లేదు.

కోటును బ్యాగు బయట కట్టుకోవచ్చు కదా అంటారు. బయట కట్టిన కోటు ప్రతి కొమ్మకూ రాసుకుంటుంది, పొదల మీద మన వాసన పూసుకుంటూ వస్తుంది, మంచు పడితే తడుస్తుంది. అక్టోబరు సాయంత్రం రెండు గంటలు కూర్చునేవాడికి చిన్న సంచి చాలు, కాదనను. నవంబరు, డిసెంబరులకు 35, 40 లీటర్ల బ్యాగు కావాలి. పల్చటి చొక్కాతో నిదానంగా నడిచి, చెట్టు మొదట్లో ఐదు నిమిషాలు ఆగి ఒళ్ళు చల్లారనిచ్చి, పైకెక్కాక పొడి బట్టలు ఒక్కొక్కటే వేసుకోగలిగినవాడే మధ్యాహ్నం దాకా నిలబడతాడు. ఆ సీజన్‌లో పెద్ద మగజింకలు నడి మధ్యాహ్నం కూడా తిరుగుతాయి.

ఎక్కడం గురించి మనవాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. తెలంగాణలో తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి చూసి పెరిగిన ఎవరికైనా శాడిల్ వేట చూడగానే కొత్తగా అనిపించదు. చెట్టు చుట్టూ, నడుము చుట్టూ తిరిగే మోకు, కాళ్ళకు గుజి, నడుముకు ముస్తాదు. అమెరికా వేటగాడు వాడే లైన్‌మన్ తాడు కూడా పనిలో మోకు లాంటిదే. ఎక్కుతున్నంతసేపూ మనిషిని చెట్టుకు పట్టి ఉంచి రెండు చేతులూ ఖాళీగా వదులుతుంది. గీత కార్మికుడు కత్తిని వీపు మీది సంచిలో పెట్టుకోడు. ఏ క్షణాన ఏది కావాలో అది నడుముకే, చెయ్యి తిప్పకుండా అందేచోట ఉంటుంది. చెట్టు మీద వెనక్కి తిరిగి వెతుక్కునే అవకాశం ఉండదని ఆ వృత్తి తరతరాలుగా ఎరుగును. ఇంత ఎరిగిన వృత్తిలోనూ ఏటా ఎందరో పడి చనిపోతున్నారు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాళ్ళకోసం కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది ఆ చావులు ఆపడానికే.

అమెరికాలో జింకల వేటగాళ్ళకు తగిలే పెద్ద గాయాల్లో చెట్టు మీంచి పడటం ముందువరుసలో ఉంటుంది. కూర్చున్నప్పటికంటే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నిచ్చెన నుంచి మంచె మీదికి మారేటప్పుడూ పడటమే ఎక్కువని శిక్షణ తరగతుల్లో ప్రతి ఏటా చెబుతారు. విల్లునూ తుపాకీనీ చేత్తో పట్టుకొని ఎక్కవద్దని, తుపాకీలోంచి తూటాలు తీసేసి, పైకి చేరాక తాడుతో చేదుకొమ్మని కూడా చెబుతారు. బ్యాగు గురించి మాత్రం చాలామంది ఆలోచించరు. అందుకే తేలికగా ఉంది కదా అని బ్యాగును వీపునే ఉంచుకొని ఎక్కుతున్నారు. బరువు ఎంతైనా వీపు మీదుంటే మనిషిని చెట్టు నుంచి వెనక్కే లాగుతుంది, కొమ్మల్లో చిక్కుకుంటుంది. బ్యాగును కిందే వదిలి, స్టిక్కులను శాడిల్ పక్కలకు తగిలించుకొని, నేల మీద నిలబడి ఉండగానే లైన్‌మన్ తాడు వేసుకొని ఎక్కాలి. పైన టెథర్ కట్టుకున్నాక బ్యాగును చేదుకోవాలి. అలా చేదాలంటే బ్యాగు నెత్తిన గట్టి పిడి ఉండాలి. ఔన్సులు కోసిన బ్యాగుల్లో మొదట సన్నబడేవి ఆ పిడి, దాని కుట్టు.

పైకి చేదాక మొదలయ్యే అవస్థ ఇంకొకటి. మూతి ముడి వేసే గొట్టం సంచిలో అడుగున ఉన్న చేతితొడుగుల కోసం పైనున్నవన్నీ బయటికి తీయాలి. తీసినవి పెట్టడానికి 20 అడుగుల ఎత్తున నేల లేదు. ఒక బైనాక్యులర్ జారినా, తలదీపం జారినా చుట్టుపక్కలంతా తెలిసిపోతుంది. చెట్టుకు వేలాడుతున్న బ్యాగు నిలువునా ముందువైపు జిప్పుతో తెరుచుకోవాలి, తెరిచాక తన ఆకారంలోనే నిలబడాలి, లోపలి జేబుల్లో ఉన్నవి అక్కడే ఉండాలి. ఫ్రేము గానీ గట్టి పలక గానీ ఉన్న బ్యాగే అలా నిలుస్తుంది. లేనిది వేలాడదీయగానే ముడుచుకుపోయి, మూతి మూసుకొని, ప్రతిసారీ రెండు చేతులూ అడుగుతుంది. మైలు నడకలో మిగిలిన 2 పౌండ్లు ఇక్కడ ఇలా వసూలవుతాయి.

తేలికవాదానికి ఎదురుగా ఇంకో వర్గం ఉంది. మాంటానాలోని బోజ్‌మన్, ఐడహోలోని బోయిసీ లాంటి ఊళ్ళలో మిస్టరీ రాంచ్, స్టోన్ గ్లేసియర్, ఎక్సో వంటి కంపెనీలు రూపొందించిన కొండవేట బ్యాగులే అన్నిటికీ మందు అని వాళ్ళంటారు. అవి అద్భుతమైన బ్యాగులు. కానీ ఎముకలు తీసేసినా 200 పౌండ్ల దాకా తూగే ఎల్క్ అనే పెద్దజాతి జింక మాంసాన్ని కొండల మీంచి దించడానికి పుట్టినవి. తలకంటే పైకి లేచే ఫ్రేము తూర్పు అడవుల తుప్పల్లో ప్రతి కొమ్మకూ తగులుతుంది. పట్టీలు, బకిళ్ళు లెక్కలేనన్ని. 15 గజాల్లో జింక నిలబడే చోటికి అవి రోజూ మోసుకెళ్ళే వస్తువులు కావు. అయితే ఈ వర్గం ఒక ప్రశ్న సరిగ్గా అడుగుతోంది. జింకను కొట్టాక దాన్ని ఎలా తెస్తావు?

తేలికవాదుల దగ్గర దీనికి ఒకటే జవాబు, ఈడ్చుకురావడం. ఆ జవాబు చెల్లే రోజులు పోతున్నాయి. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే నయంకాని మెదడు జబ్బును 1967లో కొలరాడోలో ఒక పరిశోధన కేంద్రంలోని జింకల్లో మొదట గమనించారు. విస్కాన్సిన్‌లో 2002లో, పెన్సిల్వేనియాలో 2012లో, మిషిగన్ అడవి జింకల్లో 2015లో బయటపడింది. దాన్ని కలిగించే ప్రియాన్లు మెదడులో, వెన్నుపాములో ఎక్కువగా ఉంటాయి, మట్టిలో ఏళ్ళ తరబడి నిలుస్తాయి. అందుకని జబ్బున్న ప్రాంతం నుంచి జింక మొత్తం కళేబరాన్ని బయటికి తేవద్దని చాలా రాష్ట్రాలు నియమం పెట్టాయి. ఎముక తీసిన మాంసం తేవచ్చు. నియమాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి కాబట్టి ఎవరి రాష్ట్రపు పుస్తకం వాళ్ళు చదువుకోవాలి. ఒక మంచి మగజింక నుంచి 50, 60 పౌండ్ల మాంసం వస్తుంది. దాన్ని పల్చటి సంచిలో వేసుకొని మైలు నడవడం వీపును పాడుచేసుకోవడమే. చెట్టెక్కే రోజు బ్యాగుకే అంత భారం మోసే శక్తి ఉండాలని నేననను. మోయగలిగిన ఖాళీ ఫ్రేము ఒకటి కారులో ఉంచుకుంటే చాలు. జింకను కోసి, గాలి తగిలేలా పెట్టి, చెట్టు సామాను కారుకు చేర్చి, ఫ్రేముతో మళ్ళీ వెళ్ళాలి. అమెరికా సైన్యం వాడి వదిలేసిన పాత ఆలిస్ ఫ్రేములు ఇప్పటికీ తక్కువ ధరకు దొరుకుతాయి, ఈ పనికి బాగా సరిపోతాయి.

బ్యాగులు కొనేటప్పుడు ఎవరూ తలచుకోని రంగు ముచ్చట ఒకటి చెప్పి తీరాలి. తుపాకుల సీజన్‌లో చాలా రాష్ట్రాల్లో నారింజ రంగు తప్పనిసరి. పెన్సిల్వేనియాలో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాలు అన్నివైపుల నుంచీ కనిపించాలి. ఆకుపచ్చ, గోధుమ మచ్చల బ్యాగు వేసుకోగానే వీపు మీది నారింజంతా మాయమవుతుంది. చీకట్లో వంగి నడుస్తున్న మనిషి వెనకనుంచి కనిపించకుండా పోతాడు. జింక నారింజ రంగును మనలా గుర్తించలేదు, కాబట్టి బ్యాగు మీద నారింజ గుడ్డ కప్పితే వేటకు వచ్చే నష్టం లేదు. అదీ ఒక ఔన్సే. ఆ ఔన్సు కూడా మిగుల్చుకుంటామంటే ఇక చెప్పేదేమీ లేదు.

తేలికవాదుల పక్షాన బలమైన మాట ఒకటుంది. అరవై దాటినవాడికి, మోకాళ్ళు అరిగినవాడికి, వెన్ను ఆపరేషన్ అయినవాడికి ప్రతి పౌండూ భారమే, తేలిక బ్యాగే లేకపోతే వాళ్ళు అడవికే రాలేరు అంటారు. నిజం. నేను బరువు తగ్గించొద్దనడం లేదు, తప్పుచోట తగ్గిస్తున్నారంటున్నాను. పాత స్టిక్కులు మార్చి తేలికవి కొంటే 4, 5 పౌండ్లు పోతాయి. పదునైన చిన్న కత్తి ఒకటి చాలినచోట మూడెందుకు? సెల్‌ఫోన్‌కు రెండు పవర్ బ్యాంకులెందుకు? ఎప్పుడూ ఊదని జింక పిలుపు గొట్టాలు ఎన్ని? బ్యాగులోవి కోయండి, బ్యాగును కోయకండి. స్టిక్కుల సంఖ్య తగ్గించడానికి కింద వేలాడే పట్టీమెట్లు తగిలించుకోవడం కూడా ఇప్పుడు బాగా నడుస్తోంది. గాలిలో ఊగే మెట్టు మీద చీకట్లో, బరువైన బూట్లతో కాలు పెట్టడం ఒక ఔన్సు కోసం కొనుక్కునే ప్రమాదమే. వయసు మళ్ళినవాళ్ళకు నేను సలహా ఇవ్వాల్సివస్తే, ఎత్తు తగ్గించుకొని 12 అడుగుల దగ్గర ఆగమంటాను. ఒక స్టిక్కు మిగులుతుంది, ప్రమాదం తగ్గుతుంది, మంచి మరుగున్న చెట్టు ఎంచుకుంటే జింకకూ కనబడరు.

చివరిగా తయారుచేసేవాళ్ళతో, అమ్మేవాళ్ళతో నా పేచీ. బ్యాగు చీటీ మీద మూడు అంకెలు వేస్తారు – ఖాళీ బరువు, లీటర్లు, ధర. స్టిక్కులు ఎన్ని పడతాయో, ప్లాట్‌ఫాం ఎక్కడ కూర్చుంటుందో, 25 పౌండ్లు కట్టాక బ్యాగు వీపుకు ఎంత దూరం జరుగుతుందో, నెత్తిన పిడి ఎంత బరువు ఆపుతుందో వేయరు. కొనేవాడు బరువు ఒక్కటే అడుగుతున్నాడంటే అతనికి చూపించింది అదొక్కటే. విల్లు అమ్మే దుకాణాల్లో లోపలే లక్ష్యం పెట్టి, కొనబోయేముందు నాలుగు బాణాలు వేసి చూసుకోనిస్తారు. అలాగే బ్యాగులున్న మూల ఒక దుంగ నిలబెట్టి, కొనేవాడి సొంత స్టిక్కులూ ప్లాట్‌ఫామూ తెచ్చుకొమ్మని చెప్పి, దీపం ఆర్పి, కట్టి, విప్పి, వేలాడదీసి, తెరిచి చూసుకోనివ్వడానికి అడ్డేమిటి? నాలుగు వందల డాలర్లు పెట్టి కొనే వస్తువును ఆ పది నిమిషాలు చూసుకునే హక్కు కొనేవాడికి లేదా?